పచ్చ గీత ఎక్కడ తెగుతుంది?

ముప్ఫై ఒక్కేళ్లు గీతలు గీశాను నేను. కోస్తాలో ఒక మునిసిపాలిటీ, టౌన్ ప్లానింగ్ సెక్షన్, ట్రేసర్ ఉద్యోగం. ఇప్పుడా ఉద్యోగం పేరు చెప్తే పిల్లలకి అర్థం కాదు. పెద్ద బల్ల మీద ఒరిజినల్ డ్రాయింగ్ పరిచి, పైన ట్రేసింగ్ పేపరు బిగించి, కింద కనపడే గీతని ఇంకు పెన్నుతో పైకి దించడం. గీత మనది కాదు, ఎవరో ఆలోచించింది. చెయ్యి వణక్కుండా చూసుకోవడం వరకే మన పని. తప్పుపోతే రబ్బరుతో పోదు. బ్లేడు అంచుతో మెల్లిగా గీకాలి, మరీ గీకితే కాగితం చిల్లుపడుతుంది. మాస్టర్ ప్లాన్‌లో ఇళ్లకి పసుపు, వ్యాపారానికి నీలం, పార్కులకీ చెట్లకీ పచ్చ. మా ఊరి కాలువ పొడుగునా, రెండు గట్ల మీదా, పచ్చ పట్టీ ఉండేది. నేనే వేశాను.

ఒకరోజు సారు వచ్చి, "ఏమ్మా, ఇక్కడ రెండంగుళాలు తీసెయ్యండి, కల్యాణమండపం వస్తోంది" అన్నారు. తీసేశాను. ఇంకోరోజు, "ఈ గట్టు మీద ఖాళీ వదిలేశారేం? గీత తెగిపోతే బాగుండదు, కలిపెయ్యండి" అన్నారు. కలిపేశాను. అక్కడ గుడిసెలున్నాయి. పొద్దున్నే మా ఆఫీసు గేటు దగ్గర ఇడ్లీలు అమ్మే ఆవిడ ఇల్లు వాటిల్లోదే. నా గీత పడ్డ నాలుగేళ్లకి గుడిసెలు తీసేశారు. ఆవిడ మళ్లీ గేటు దగ్గర కనపడలేదు. నిర్ణయం నాది కాదు, పీకిందీ నేను కాదు. కానీ ఒకచోట తెంపింది, ఒకచోట కలిపింది మాత్రం నా చెయ్యే. తెంపడం తప్పు, కలపడం ఒప్పు అని ఆ రోజుల్లో నాకో లెక్క ఉండేది. అందుకని కల్యాణమండపం దగ్గర నాకు కష్టమనిపించింది, గుడిసెల దగ్గర అనిపించలేదు. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఇదంతా మళ్లీ గుర్తుకు రావడానికి కారణం వేల మైళ్ల అవతలి ఇంకో పచ్చ గీత. 2023 చివర్లో మా అమ్మాయి పురిటికి అమెరికా వెళ్లాను. బోస్టన్ పక్కన ఆర్లింగ్టన్ అనే ఊళ్లో ఉంటారు వాళ్లు. ఇంటికి నాలుగడుగుల్లో ఒక దారి. కార్లు రావు. నడిచేవాళ్లు, సైకిళ్లు, పిల్లల బండ్లు. ఒకప్పుడు రైలు పట్టాలుండేవట. రైలు ఆగిపోయాక ఆ జాగాని దారిగా మార్చి 1993లో తెరిచారు. కేంబ్రిడ్జి అంచు నుంచి ఆర్లింగ్టన్, లెక్సింగ్టన్ మీదుగా బెడ్‌ఫర్డ్ దాకా 16 కిలోమీటర్లు. పేరు మినిట్‌మ్యాన్ బైక్‌వే. 1775లో బ్రిటిష్ సైన్యం మీదికి క్షణాల్లో తయారై పరిగెత్తిన రైతు సైనికుల పేరు. పేరులోనే మగవాడున్నాడు, పోనీలెండి.

అక్కడి నుంచి వచ్చిన మొదటి వారంలోనే నేను ఆ దారి ప్రేమలో పడ్డాను. ఆకులు ఎర్రబడుతున్న కాలం. పొద్దున్నే చైనా ముసలమ్మలు చప్పట్లు కొట్టుకుంటూ నడిచేవాళ్లు, అది వాళ్ల వ్యాయామం. మనవరాలు బండిలో నిద్రపోయేది. ఏ పనీ లేకుండా నడవడం నాకు అరవై ఏళ్లు దాటాక దొరికింది. మీరే చెప్పండి, మన ఊళ్లలో ఆడది ఊరికే నడుస్తుందా? పాలకో, కూరలకో, గుడికో, పిల్లాడి బడికో వెళ్తుంది. ఎక్కడికమ్మా అంటే చెప్పడానికి ఒక చోటుండాలి. ఇప్పుడు డాక్టరు నడవమన్నాడని చెప్పుకోవచ్చు, షుగరు వచ్చి మనకి ఆ స్వేచ్ఛ ఇచ్చింది.

అమ్మాయి లాప్‌టాప్‌లో ఒక పటం చూపించింది. మా ఇంటి పక్క దారి అందులో చిన్న పోగు. న్యూ ఇంగ్లండ్ అనే ఆరు రాష్ట్రాలకి, అంటే మెయిన్, న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్, మసాచుసెట్స్, రోడ్ ఐలండ్, కనెక్టికట్‌లకి కలిపి ఆమ్‌హర్స్ట్‌లోని మసాచుసెట్స్ యూనివర్సిటీ వాళ్లు 1999లో ఒక పచ్చదారుల ప్రణాళిక తయారుచేశారు. దాని వెనక ముఖ్యమైన మనిషి జూలియస్ ఫాబోస్. హంగేరీలో రైతు బిడ్డ. కులక్ కొడుకని ముద్ర వేయించుకుని, 1956 తిరుగుబాటు తర్వాత అమెరికా చేరినవాడు. వాగుల పొడుగునా జంతువులు తిరిగే అడవి పట్టీలు, మనుషులు తిరిగే దారులు, పాత ఊళ్లూ మిల్లులూ వంటి చరిత్ర ఉన్న చోట్లు, ఈ మూడింటినీ విడివిడిగా కాకుండా ఒకే వలగా చూడమన్నాడు. ఇంకో పటం మరీ పెద్దది. ఈస్ట్ కోస్ట్ గ్రీన్‌వే అని 1991లో మొదలైంది. కెనడా సరిహద్దు దగ్గర కాలెస్ నుంచి ఫ్లోరిడా కొసన కీ వెస్ట్ దాకా 15 రాష్ట్రాల మీదుగా 4,800 కిలోమీటర్లు. ఇప్పటికి మూడో వంతుకి కొంచెం ఎక్కువే కార్లు లేని దారి అయింది. మిగతాది ప్రస్తుతానికి రోడ్ల మీదనే. పూర్తయిన ముక్కకీ ముక్కకీ మధ్య చోటుని అక్కడి వాళ్లు 'గ్యాప్' అంటారు. వాళ్ల సమావేశాలన్నీ, నిధుల అర్జీలన్నీ ఆ గ్యాపుల గురించే. మేం వెళ్లిన ఏడాదే, 2023 జూన్‌లో, పక్క ఊరు సోమర్‌విల్‌లో ఒక గ్యాపు పూడింది. మా ఇంటి నుంచి బోస్టన్ వైపు కేంబ్రిడ్జి దాకా రోడ్డెక్కకుండా వెళ్లొచ్చని మా అల్లుడు సంబరపడ్డాడు.

నా ట్రేసరు కన్ను ఆ పటాన్ని వదల్లేదు. ఎంత చక్కని గీత! ఒక్కో ఊరూ తన ముక్క తను వేసుకోవాలి. అన్నీ వేసి ఒక్క ఊరు మానేస్తే అందరి గీతా తెగుతుంది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ఎప్పుడో తన ఊరి మీదుగా నడిచిపోవడం కోసం ఈ ఊరివాళ్లు పన్ను కట్టాలి. ఇందులో ఉన్న నీతి నాకు నచ్చింది, ఇప్పటికీ నచ్చుతుంది.

నవంబరు వచ్చింది. అక్కడ గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు. సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి. అంతకుముందు దాకా "ఇక్కడ నీకే భయం లేదమ్మా" అన్న మా అమ్మాయే, "నాలుగు దాటితే దారి మీదికి వెళ్లకు, రోడ్డు మీద నడువు, అక్కడ దీపాలుంటాయి" అంది. మేం నడిచే మేర దారికి దీపాలు లేవు. ఒకచోట రోడ్డు కిందనుంచి వెళ్లే సందు ఉంది, పగలే చల్లగా, గుబులుగా ఉంటుంది. "నువ్వు ఆఫీసునించి ఎలా వస్తావ్?" అన్నాను. "నేనూ రోడ్డు మీదే. మార్చి దాకా అంతే" అంది. అల్లుడు మాత్రం నెత్తికి లైటు కట్టుకుని సైకిల్ మీద అదే దారిన వస్తున్నాడు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే చదువు, ఒకే జీతం. పన్నూ ఇద్దరూ కడుతున్నారు. కానీ నవంబరు నుంచి మార్చి దాకా ఆ దారి అతనికి పదహారు కిలోమీటర్లు, ఆమెకి సున్నా.

పటంలో గ్యాపు అంటే దారి లేని చోటు. ఆడవాళ్లకి గ్యాపు అంటే దారి ఉండీ వెళ్లలేని చోటు. ప్లాన్ గీసేవాళ్ల లెక్కలో ఎనభై శాతం పూర్తయితే ఎనభై శాతం దారి ఉన్నట్టే. మనకి అలా కాదు. మధ్యలో ఒక్క చీకటి సందు ఉంటే దానికి ముందున్న మైలూ వెనకున్న మైలూ కూడా ఉండనట్టే. ఎందుకంటే మనం బయల్దేరేటప్పుడే తిరిగి రావడం గురించి ఆలోచిస్తాం. ఎంత అందమైన దారైనా అందులో అతి భయంకరమైన పది గజాలంత మాత్రమే మనది.

ఈ నెట్‌వర్కుల ఆలోచన ఎక్కడ పుట్టిందో వెతికితే ఒక విషయం దొరికింది. చాలామంది మూలపురుషుడిగా చెప్పేది బెంటన్ మెకై పేరు. 1921 అక్టోబరులో అమెరికా ఆర్కిటెక్టుల పత్రికలో ఆయనొక వ్యాసం రాశాడు. అపలాచియన్ కొండల పొడుగునా రాష్ట్రాలన్నీ కలుపుతూ ఒక కాలిబాట వెయ్యాలని, అది ఊరికే బాట కాదు, ప్రాంతీయ ప్రణాళిక అని, ఫ్యాక్టరీల్లో నలిగిపోయే మనుషులకి ఊపిరి అని. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆయన భార్య జెస్సీ ఆత్మహత్య చేసుకుంది. స్త్రీల ఓటు హక్కు ఉద్యమంలో, యుద్ధ వ్యతిరేక ఉద్యమంలో పనిచేసిన మనిషి. ఆ దుఃఖంలో ఉన్న ఆయన్ని మిత్రుడొకరు న్యూజెర్సీలో తన దగ్గరికి తీసికెళ్తే, ఆ వేసవిలో రాసిన వ్యాసం అది. ఒకదానివల్ల ఒకటి జరిగిందని నేననను. కానీ బాటల చరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా ఆమెని ఒక వాక్యంలో దాటేస్తారు. ఆమె ఓట్ల కోసం తిరిగిన రోడ్లు, ఎక్కిన మెట్లు, వాటిని ఎవరూ పటంలో గీయలేదు.

బాట 1937కి పూర్తయింది, 14 రాష్ట్రాలు. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల మనిషి ఆ బాట మొత్తం ఒంటరిగా ఒక్క దఫాలో నడిచింది. అలా నడిచిన మొదటి స్త్రీ ఆమె. ఒహాయో రాష్ట్రంలో పొలం పని చేసుకునే మనిషి. పదకొండుమంది పిల్లలు, 23 మంది మనవలు. పిల్లలతో కాస్త నడిచొస్తానని మాత్రం చెప్పి బయల్దేరింది. కాళ్లకి క్యాన్వాసు బూట్లు, భుజాన తను కుట్టుకున్న గుడ్డసంచీ, వానకి స్నానాలగది తెర. మే 3న మొదలుపెట్టి సెప్టెంబరు 25న చివరి కొండ ఎక్కింది. విలేఖరులు ఈ ముచ్చట్లే రాశారు. వాళ్లకి ఆమె చెప్పనిది, తర్వాత బయటికొచ్చింది ఇంకోటుంది. ముప్ఫై ఏళ్లకి పైగా మొగుడి చేతిలో దెబ్బలు తింది. పళ్లు ఊడేలా, ఎముకలు విరిగేలా. దెబ్బలు పడలేనప్పుడు ఇంట్లోంచి అడవిలోకి పారిపోయేది. అడవి ఆమెకి అలా అలవాటైంది. మనకి అడవంటే భయం, ఇల్లంటే రక్షణ అని నేర్పుతారు. ఆమెకి ఎటు భయముందో, ఎటు రక్షణ ఉందో ఎవరు చెప్పగలరు?

ఒక పత్రికలో బాట గురించి చదివి, సుఖంగా ఉంటుందనుకుని వెళ్లింది ఆమె. తీరా చూస్తే బాట ఎన్నోచోట్ల చెడిపోయి ఉంది, గుర్తులు లేవు, గుడిసెలు కూలిపోయాయి. అయినా ఎలా పూర్తయింది? సాయంత్రమయ్యేసరికి ఎవరి గుమ్మమో తట్టేది. కొందరు అన్నం పెట్టి పక్క వేశారు. కొందరు తలుపు వేసుకున్నారు. అలాంటి చోట పచ్చిక మీదా బల్లల మీదా పడుకుంది. పటంలో ఉన్న గీత తెగినచోట దాన్ని అతికించింది ఎవరో ఇల్లాళ్ల వంటిళ్లు. ఈ లెక్క ఏ ప్రణాళికలోనూ ఉండదు.

అయితే ఎమ్మా కథ చెప్పి ధైర్యముంటే చాలు అనే మాట నేననను. 1988 మేలో అదే బాట మీద, పెన్సిల్వేనియాలో, రెబెకా వైట్, క్లాడియా బ్రెనర్ అనే ఇద్దరు స్త్రీల మీద ఒకడు కాల్పులు జరిపాడు. వాళ్లిద్దరూ ప్రేమికులని చూసి కాల్చాడు. రెబెకా చనిపోయింది. ఐదు గుళ్లు తగిలిన క్లాడియా సుమారు నాలుగు మైళ్లు నడిచి రోడ్డెక్కి బతికింది, తర్వాత దాని గురించి పుస్తకం రాసింది. ఇలాంటివి ఎన్ని జరిగాయంటే లెక్కకి తక్కువే, ఇళ్లలో జరిగేవాటితో పోలిస్తే మరీ తక్కువ. కానీ ఒక్కటి జరిగినా మనందరి గీతా పొట్టిదవుతుంది.

మరి దీపాలు పెట్టండి, పొదలు కొట్టండి, పోలీసుని తిప్పండి అంటే సరిపోతుందా? నేను మొదట అదే అన్నాను. మా అమ్మాయి స్నేహితురాలు, జీవశాస్త్రం చదివిన పిల్ల, వెంటనే అడ్డం పడింది. "ఆంటీ, ఆ పొదలు పక్షులకి ఇళ్లు. దీపాలు పెడితే రాత్రిపూట తిరిగే జంతువులకి అదే గోడ. మరి పచ్చదారి ఎవరికి?" నిజమే. కానీ నన్ను ఎక్కువ ఆపింది పక్షులు కాదు.

సెప్టెంబరులో ఒకరోజు దారి పక్కన ఎవరిదో దొడ్డి కంచె వారగా తోటకూర మొలిచి ఉంది. మన తోటకూరే, అక్కడ కలుపు మొక్క. నేను నేత చీర మీద స్వెట్టరు వేసుకుని, వంగి చిగుళ్లు గిల్లుతున్నాను. ఇంటాయన బయటికొచ్చి చాలా మర్యాదగా, "మీకేమైనా సాయం కావాలా?" అన్నాడు. ఆ మాటకి అర్థం సాయం కాదని నాకు ఇంటికొచ్చాక అమ్మాయి చెప్పింది. నువ్వెవరు, ఇక్కడేం పని అని. నాకు నవ్వొచ్చింది గానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు. భయపడేది నేనే అనుకున్నాను ఇన్నాళ్లూ. నన్ను చూసి కూడా ఎవరో ఉలిక్కిపడతారా?

నడిచే హక్కు ఎంత ప్రాణాంతకమో మనకి కొత్త కాదు. 1924లో వైకోంలో సత్యాగ్రహం గుడిలోకి వెళ్లడానికి కాదు, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవడానికి. మా అమ్మమ్మగారి ఊళ్లో వాడ మనుషులు ఊరి వీధిలోకొస్తే చెప్పులు చేత్తో పట్టుకునేవాళ్లు, నేను చిన్నప్పుడు కళ్లారా చూశాను. ఆ వీధిలో మా అమ్మమ్మ నిర్భయంగా నడిచేది. ఆమె నిర్భయానికి, వాళ్ల చేతిలోని చెప్పులకి సంబంధం లేదని అనగలమా?

అమెరికాలో ఆ సంబంధం ఎప్పుడూ పైకి కనపడుతూనే ఉంటుంది. 1989లో న్యూయార్కు సెంట్రల్ పార్కులో పరుగెత్తుతున్న ఒక యువతి మీద అత్యాచారం జరిగింది. చచ్చి బతికింది. ఆ నేరానికి ఐదుగురు నలుపు, లాటినో పిల్లల్ని, పద్నాలుగు నుంచి పదహారేళ్లవాళ్లని, జైల్లో పెట్టారు. వాళ్లు చెయ్యలేదని 2002లో శిక్షలు కొట్టేశారు. ఆమెకి జరిగింది నిజం, వాళ్లకి జరిగిందీ నిజం. మళ్లీ 2020 మే 25న, అదే పార్కులో పక్షుల్ని చూస్తున్న క్రిస్టియన్ కూపర్ అనే నల్లజాతి మనిషి, కుక్కకి గొలుసు కట్టమని ఒక తెల్ల స్త్రీని అడిగాడు. ఆమె పోలీసులకి ఫోన్ చేసి ఒక ఆఫ్రికన్ అమెరికన్ తనని బెదిరిస్తున్నాడని చెప్పింది. ఆ మాట ఎంత పదునైందో తెలిసే వాడింది. మన భయం మన అనుభవం నుంచి వస్తుంది, దాన్ని ఎవరూ కొట్టిపారెయ్యకూడదని ముప్ఫై ఏళ్లుగా అంటున్నాం. ఆ మాట మీద నేనిప్పటికీ నిలబడతాను. కానీ భయానికి పోలీసు చేతిలో ఉన్న తుపాకీ జతపడినప్పుడు అది భయంగా మాత్రమే మిగలదు.

ఇది ఆలోచనగా కాక కళ్ల ముందు కనపడింది ఒక ఆదివారం. నాకు ఊరికే కూర్చుంటే చేతులు దురదపెడతాయి. వంటింట్లో బేకింగ్‌కి వాడే బటరు పేపరు చుట్ట ఉంది, అచ్చం ట్రేసింగ్ పేపరులా. దారి పటం ప్రింటు తీయించి, దాని మీద పరిచి పచ్చ పెన్నుతో దించాను. ఒక కాగితం కాదు, గంటకొకటి. మధ్యాహ్నం పన్నెండుకి నేను ఎక్కడిదాకా వెళ్తాను? గీత నిండుగా ఉంది. నాలుగింటికి? సగం. అయిదింటికి? మా సందు మొదలు. అమ్మాయి తనది గీసింది. అల్లుడు తనది గీస్తూ అన్ని కాగితాల మీదా ఒకే గీత వస్తుంటే మొహమాటపడ్డాడు. పై వాటాలో ఉండే హైతీ నర్సు పాపని చూడ్డానికి వచ్చి, ఏమిటిదని అడిగి, తనూ కూర్చుంది. రాత్రి డ్యూటీలు చేసే మనిషి, తన గీత నాకంటే పొట్టి. తర్వాత ఇంకో కాగితం తీసుకుంది. "మా అబ్బాయిది గీస్తాను" అంది. పదహారేళ్లు, స్కూల్లో పరుగు పందేలకి వెళ్తాడు.

ఆ పిల్లాడి గీత నేననుకున్న చోట తెగలేదు. చెట్ల మధ్య చీకట్లో సాగింది. ఇళ్లు దగ్గరపడే చోట, దీపాలున్న చోట, దొడ్లు కనపడే చోట ఆగింది. "అక్కడ వాడిని పరిగెత్తొద్దంటాను, టోపీ తీసి నడవమంటాను" అంది. నా కాగితం మీద వాడి కాగితం పెట్టి కిటికీకి ఆనించి చూశాను. నాకు ధైర్యంగా ఉన్న ప్రతిచోటా వాడికి ప్రమాదం. ఇద్దరికీ కలిసొచ్చిన పచ్చ, పగటిపూట ఓ మైలున్నర.

కలుపుకుపోవడం అనే మాట మనం పుట్టింటి గుమ్మం దాటేటప్పుడు విన్నదే. అందర్నీ కలుపుకుపోవాలమ్మా అంటారు. దానర్థం నువ్వు తగ్గు అని. ఈ దారుల్లో కూడా గమనించాను, దారి రోడ్డుని దాటేచోట ఆగమనే బోర్డు దారివైపే ఉంటుంది. ఆగాల్సింది నడిచేవాళ్లు, కార్లు కాదు. ఆరు రాష్ట్రాల వల అయినా, పదిహేను రాష్ట్రాల వల అయినా, కలిపేటప్పుడు తగ్గేదెవరు అని అడక్కుండా గీయలేం. 1983లో వాళ్లొక చట్టం చేశారు, ఆగిపోయిన రైలు దారి భవిష్యత్తులో మళ్లీ రైలుకి పనికొస్తుందని అట్టేపెట్టి, ఈలోగా నడకదారిగా వాడుకోవచ్చని. వెర్మాంట్‌లో ఒక భార్యాభర్తలు రైలుకని ఇచ్చిన దారి మనుషులకని ఇవ్వలేదని కోర్టుకెళ్లారు. చట్టం చెల్లుతుందని 1990లో సుప్రీంకోర్టు అంది, నష్టపరిహారం మాత్రం ఇవ్వాలని 1996లో ఇంకో కోర్టు అంది. నాకు వాళ్ల మీద కోపం రాలేదు. అడిగి తీసుకోవడం, డబ్బిచ్చి తీసుకోవడం కనీసం అక్కడ ఒక ప్రశ్న అయింది. మా కాలువ గట్టున అది ప్రశ్నే కాలేదు.

కానీ ఆ దంపతులకంటే ముందున్నవాళ్లు? ఆమ్‌హర్స్ట్ మీదుగా కనెక్టికట్ నది దాటే రైలుదారికి నోర్వోటక్ అని పేరు. ఆ లోయలో ఉండే మూలవాసుల పేరది. నేల పోయి పేరు బోర్డు మీద మిగిలింది. అదే నదీలోయలో కొంచెం పైన, డీర్‌ఫీల్డ్ దగ్గర, 1672లో మషలిస్క్ అనే మూలవాసి స్త్రీ తన నేలని ఒక ఇంగ్లీషు వ్యాపారికి రాసిచ్చింది. కొడుకు అతనికి పడ్డ బాకీల కింద. కాగితం మీద ఆమె గుర్తు ఉంది. కొడుకు అప్పుకి తల్లి వేలిముద్ర! ఎంతమంది అమ్మలు తాలూకా ఆఫీసు అరుగు మీద ఇదే పని చెయ్యడం చూడలేదు మనం? ఇప్పుడా లోయలో పచ్చదారి గీసేటప్పుడు మొదటి గీత అదని, వలలో ఆ పోగు కూడా ఉందని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఇన్ని చెప్పి నేను ఆ దారులు వద్దనడం లేదు. ఆ నాలుగు నెలలూ పగలు వెళ్తూనే ఉన్నాను, మంచులో కూడా. గంటగంటకీ మారే పటం గీయండి, ఒక్కరి కాలుతో కాకుండా పదిమంది కాళ్లతో గీయండి, తక్కువ దూరం వెళ్లగలిగిన మనిషి గీత దగ్గర్నుంచి పని మొదలుపెట్టండి అని మా అమ్మాయి చేత ఆ ఊరి కమిటీకి ఒక ఉత్తరం రాయించాను. జవాబు వచ్చింది, చదువుతామని. కాగితాలు వాళ్లకిచ్చేసింది. నర్సు మాత్రం తన కొడుకు కాగితం ఇవ్వలేదు. వాడు ఎక్కడెక్కడ ఏ వేళకి ఉంటాడో తెలిపే పటం పరాయివాళ్ల చేతుల్లో ఎందుకంది. అది నాకు తట్టనే లేదు.

తిరిగొచ్చాక ఒకరోజు మా కాలువ గట్టుకి వెళ్లాను. వాకింగ్ ట్రాక్ బాగుంది, బెంచీలు వేశారు, పొద్దున్నే ఆడవాళ్లూ చాలామందే నడుస్తున్నారు. కల్యాణమండపం దగ్గర దారి తెగి, చుట్టూ తిరిగి రోడ్డెక్కాలి. గుడిసెలుండే చోట నున్నగా ఉంది. బటరు పేపరు ఒక షీటు మిగిలితే పెట్టెలో పెట్టుకొచ్చాను. ఇడ్లీలావిడ తెల్లవారుజామున నాలుగింటికి లేచి, గిన్నెలు నెత్తిన పెట్టుకుని, ఆ గట్టు మీంచి మా ఆఫీసు దాకా వచ్చేది. ఏ మలుపులో తిరిగేది, ఎక్కడ కాలువ దాటేది, ఆ చీకట్లో ఒక్కతే వచ్చేదా ఎవరైనా తోడుండేవారా? ఏడేళ్లు ఆవిడ దగ్గర తిన్నాను. ఆ షీటు మీద ఆఫీసు గేటు ఒక్కటే గుర్తుపెట్టగలిగాను.